నా చేతికి తెలిసిన చోటు

మంగళవారం ఉదయం నేను ఒక రచయితకు తప్పు లింకు పంపాను. అచ్చుకు వెళ్లబోయే పుస్తకాల ప్రూఫులు దిద్దడం నా వృత్తి. పుస్తకంలో ఎవరి వ్యాసాన్నయినా ఉదహరిస్తే, అది ఉన్న పేజీని వెతికి, లింకు కాపీ చేసి, "మీరు చూసింది ఇదేనా?" అని రచయితను అడగడం ఆ పనిలో ఒక భాగం. లింకు మీద రైట్ క్లిక్ చేసి, కీబోర్డు మీద ఒక అక్షరం కొడితే లింకు కాపీ అయ్యేది. ఎన్నో ఏళ్లుగా అదే అక్షరం. ఆ ఉదయమూ అదే కొట్టాను. కానీ ముందు రోజు రాత్రి బ్రౌజర్ అప్‌డేట్ అయింది. కాపీ చేసే అక్షరం మారిపోయింది. పాత అక్షరం ఇప్పుడు లింకును తరువాత చదువుకోవడానికి దాచిపెడుతోంది. ఆ దాచడం చప్పుడు లేకుండా జరిగిపోయింది. నేను పేస్ట్ చేసి పంపింది అంతకు ముందెప్పుడో కాపీ చేసిన వేరే లింకు. అది ఆ రచయితను తీవ్రంగా విమర్శిస్తూ ఎవరో రాసిన వ్యాసం. దాని కింద "మీరు చూసింది ఇదేనా?" అన్న నా ప్రశ్న. ఆయన చాలా నొచ్చుకున్నారు. జరిగింది విడమరిచి చెప్పి క్షమించమని అడిగాను. ఆయన పెద్ద మనసుతో సరే అన్నారు. నాకు మాత్రం ఆ రోజంతా మనసు మనసులో లేదు.

మారింది ఆ ఒక్క అక్షరమే అయితే సర్దుకుపోయేదాన్ని. ట్యాబుల వరుస లావెక్కింది. దాని కింద అడ్రస్ బార్ చుట్టూ ఖాళీ పెరిగింది. బుక్‌మార్కుల జాబితాలో పంక్తికీ పంక్తికీ మధ్య ఎడం పెరగడంతో, ఒక్క చూపుకు అందే జాబితాను ఇప్పుడు కిందికి జరుపుకుంటూ వెళ్లాల్సి వస్తోంది. మెనూలో ఒక్కో పని పక్కన ఉండే చిన్న బొమ్మలు పోయాయి. ఆ బొమ్మలను నేను ఎప్పుడూ పరీక్షగా చూడలేదు, కానీ నా కన్ను వాటిని పట్టుకునే మెనూలో దిగేదని అవి పోయాక తెలిసింది. నా ల్యాప్‌టాప్ తెర ఎత్తు 768 పిక్సెళ్లు. పైన వరుసలు లావెక్కితే, కింద నేను చదివే పాఠంలో ఒక పంక్తి తగ్గిపోతుంది. ప్రూఫు దిద్దేవాళ్లకు ఒక పంక్తి చిన్న విషయం కాదు. పొడవైన వాక్యం మొదలైన చోటూ ముగిసిన చోటూ ఒకేసారి కంటి ముందు ఉంటేనే కర్తకూ క్రియకూ పొత్తు కుదిరిందో లేదో తెలుస్తుంది.

ఇందులో ఏ ఒక్కదాన్నీ నేను కోరలేదు. నేను చేసిందల్లా భద్రతా లోపాలను సవరించే అప్‌డేట్‌ను రానివ్వడం. రానివ్వక తప్పదు. బ్రౌజర్‌లో నా ఉత్తరాలున్నాయి, బ్యాంకు లావాదేవీలున్నాయి, రచయితల ఇంకా అచ్చు కాని రాతప్రతులున్నాయి. లోపం ఉన్న బ్రౌజర్‌తో ఒక వారం గడపడం కూడా వాళ్లకు నేను చేసే ద్రోహం. నా కోపమంతా ఇక్కడే ఉంది. నేను కాదనలేని దాన్ని, నేను కోరుకోని దానితో కలిపి ఒకే మూటగా కట్టి ఇస్తున్నారు. తాళం బాగుచేయడానికి వచ్చినవాళ్లు ఇంట్లో సామానంతా జరిపి వెళ్లడం ఎంత సబబో, ఇదీ అంతే.

ఈ ముడి మొదటి నుంచీ ఉన్నది కాదు. ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజర్ 1.0 విడుదల వచ్చింది 2004 నవంబరులో, 2.0 వచ్చింది 2006 అక్టోబరులో, 3.0 వచ్చింది 2008 జూన్‌లో. మధ్యలో చుక్కల తరువాత చిన్న అంకెలతో వచ్చినవన్నీ ఎక్కువగా లోపాల సవరణలే. పెద్ద అంకె మారిందంటే రూపం మారబోతోందని మనిషికి ముందే తెలిసేది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. 3.0 విడుదలైన తరువాత కూడా ఆ ఏడాది డిసెంబరు దాకా 2.0కు భద్రతా సవరణలు అందాయి. అంటే, కొత్త ఇంట్లోకి ఎప్పుడు మారాలో నిర్ణయించుకోవడానికి ఆరేడు నెలలు మన చేతిలో ఉండేవి. ఆ కొన్ని నెలలు ఎంత విలువైనవో అప్పుడు ఎవరూ లెక్కగట్టలేదు.

2008 సెప్టెంబరులో గూగుల్ సంస్థ బ్రౌజర్ క్రోమ్ వచ్చింది. తనంతట తాను, అడగకుండా, నిశ్శబ్దంగా అప్‌డేట్ కావడం దానితో మామూలు విషయమైంది. 2010లో ఆరు వారాలకొక విడుదల అన్న పద్ధతి పెట్టుకుంది. ఫైర్‌ఫాక్స్ కూడా అదే దారి పట్టింది. 2011 మార్చిలో 4.0 వచ్చింది, జూన్‌లో 5.0 వచ్చింది. 5.0 రావడంతోనే 4.0కు సవరణలు ఆగిపోయాయి. భద్రత కావాలంటే ముందుకు జరగాల్సిందే. 2021 నాటికి రెండూ సుమారు నాలుగు వారాలకొకసారి విడుదల కావడం మొదలైంది. ఈ వేగానికి ఉన్న కారణాన్ని నేను తక్కువ చేయను. లోపం బయటపడ్డాక దాన్ని వాడుకుని దాడి చేసేవాళ్లు ఆరు నెలలు ఆగరు. నిశ్శబ్ద అప్‌డేట్ వల్ల కోట్లమంది తమకు తెలియకుండానే రక్షణ పొందారు. ఆ మేలు చాలా పెద్దది. కానీ ఆ మేలు కోసం మనం తెరిచి ఉంచిన తలుపులోంచే ట్యాబుల ఆకారం, మెనూల వరుస, అక్షరాల మార్పిడి కూడా లోపలికి వస్తున్నాయి. వాటిలో ఏ దాడిని ఆపే శక్తి ఉంది?

చేతికి అలవాటు అన్న మాటను తేలిగ్గా తీసుకునేవాళ్లు ఎక్కువ. వీణ వాయించేవాళ్లను మెట్ల మధ్య దూరం ఎంతో చెప్పమంటే తడుముకుంటారు. వాళ్ల వేలికి మాత్రం తెలుసు. పనిముట్టు మీద పట్టు అంటే అదే. మొదట కన్ను వెతుకుతుంది, తరువాత చెయ్యి నేర్చుకుంటుంది, చివరకు ఆలోచన పని మీదే ఉండి, పనిముట్టు మరుగున పడిపోతుంది. 1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక సూత్రం చెప్పారు. చెయ్యి ఒక గురిని చేరడానికి పట్టే సమయం, ఆ గురి ఎంత దూరంలో ఉంది, ఎంత వెడల్పుగా ఉంది అన్నవాటి మీద ఆధారపడుతుందని దాని సారాంశం. తెర రూపకల్పన చదువుకున్నవాళ్లందరికీ అది తెలుసు. తెర అంచును తాకే ట్యాబు మీద క్లిక్ చేయడం తేలికని కూడా వాళ్లకు తెలుసు, ఎందుకంటే ఎంత విసురుగా తోసినా బాణం గుర్తు అంచు దగ్గర ఆగిపోతుంది. ఇంత సూక్ష్మంగా ఆలోచించగలిగినవాళ్లకు, గురి అసలు ఉన్నచోటే లేకపోతే చెయ్యి ఏమవుతుందో తెలియదని నేను అనుకోలేను.

వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాలను వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2008లో సవరించి ప్రకటించింది. అందులో ఒక నియమం, ఒకే సైటులోని పేజీలన్నిటిలో దారి చూపే లింకులు ఒకే క్రమంలో ఉండాలంటుంది. చూపు తక్కువైనవాళ్లు, ఒకసారి నేర్చుకున్నదాన్ని మళ్లీ నేర్చుకోవడం కష్టమైనవాళ్లు ఇబ్బంది పడకూడదని ఆ నియమం. పేజీకి ఇంత మర్యాద ఉన్నప్పుడు, ఆ పేజీలన్నిటికీ చట్రమైన బ్రౌజర్ నెలకొక తీరుగా మారవచ్చునా?

వద్దనుకున్నవాళ్లకు దారి ఉంటే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. ఆ దారుల కథ మరీ బాధ కలిగిస్తుంది. 2014 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్ 29 ట్యాబులను వంపు తిప్పి, మెనూలను కొత్తగా పేర్చి, కింద ఉండే ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల) పట్టీని తీసేసింది. పాత రూపమే కావాలనుకున్నవాళ్లకు క్లాసిక్ థీమ్ రిస్టోరర్ అనే ఎక్స్‌టెన్షన్ ఆసరా అయింది. 2017 నవంబరులో వచ్చిన 57వ విడుదలతో పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లన్నీ ఆగిపోయాయి, దానితో పాటు ఆ ఆసరా కూడా పోయింది. అప్పుడు కొందరు ఒక ఫైలులో సొంతంగా నియమాలు రాసుకుని రూపాన్ని సరిచేసుకున్నారు. 2019లో వచ్చిన 69వ విడుదల నుంచి, ఒక లోపలి సెట్టింగును మార్చుకుంటే తప్ప బ్రౌజర్ ఆ ఫైలును చదవదు. 2021 జూన్‌లో 89వ విడుదల ట్యాబులను బటన్ల మాదిరి విడివిడిగా తేలేలా చేసింది. పాత రూపానికి వెళ్లే సెట్టింగులు మొదట్లో ఉన్నాయి, రెండు విడుదలలు గడిచేసరికి వాటినీ తీసేశారు. క్రోమ్‌లోనూ ఇదే వరస. 2018 సెప్టెంబరులో పదో పుట్టినరోజుకు ట్యాబులను గుండ్రం చేసినప్పుడు, పాత రూపం కోసం ఒక ప్రయోగాత్మక సెట్టింగు ఉండేది. కొన్ని నెలలకే అదీ పోయింది.

ఎదురు చెప్పేవాళ్లను శాంతపరచడానికి ఒక తలుపు చూపించడం, గొడవ సద్దుమణిగాక దానికి అడ్డంగా గోడ కట్టడం. ఇన్నిసార్లు జరిగాక దీన్ని పద్ధతి అనక ఏమనాలి?

ఆ 2021 మార్పులోనే ఇంకొకటి జరిగింది, నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది అదే. చిన్న తెరలవాళ్ల కోసం వరుసలను సన్నగా చేసే ఒక ఎంపిక ఉండేది. దాన్ని తీసేయాలనుకున్నారు. కారణమేమంటే, అది సులభంగా కనిపించే చోట లేదు, కాబట్టి వాడేవాళ్లు తక్కువే ఉంటారని అంచనా. ఈ తర్కాన్ని నిదానంగా చదవండి. ఒక వస్తువును అటక మీద పెట్టింది తామే. అటక ఎక్కి తీసుకునేవాళ్లు తక్కువమందే ఉంటారు కాబట్టి దాన్ని పారేద్దామన్నదీ తామే. ఎన్నో అభ్యంతరాలు వచ్చాక, అప్పటికే వాడుతున్నవాళ్లకు ఉంచి, కొత్తవాళ్లకు కనిపించకుండా దాచి, ఇకపై దీనికి మద్దతు లేదని పక్కన రాసిపెట్టారు. వాడుక లెక్కల మీద ఆధారపడినా పెద్ద తేడా ఉండేది కాదు. తన వాడుక వివరాలు ఎవరికీ పంపవద్దని సెట్టింగుల లోతుకు వెళ్లి ఆపేసుకునేవాళ్లే, అదే లోతులో ఉన్న ఇలాంటి ఎంపికలను కూడా వెతికి వాడుకుంటారు. వాళ్లు లెక్కలోకి రారు. తన రహస్యాన్ని కాపాడుకున్నందుకు మనిషి తన మాట చెల్లుబాటును పోగొట్టుకోవడం న్యాయం కాదు.

అన్ని మార్పులనూ ఒకే గాట కట్టడం నా ఉద్దేశం కాదు. బ్యాక్‌స్పేస్ మీట నొక్కితే వెనకటి పేజీకి వెళ్లే అలవాటు ఒకప్పుడు ఉండేది. క్రోమ్ దాన్ని 2016లో తీసేసింది. పెద్ద దరఖాస్తు నింపుతూ, గడి ఎంపిక అయి ఉందనుకుని బ్యాక్‌స్పేస్ కొడితే పేజీ వెనక్కి పోయి, రాసిందంతా పోయేది. మనుషుల శ్రమ కాపాడడానికి చేసిన మార్పు అది. చేతి అలవాటు చెదిరినా నేను దాన్ని సమర్థిస్తాను. పాత తీరే కావాలన్నవాళ్లకు ఆ సంస్థే ఒక ఎక్స్‌టెన్షన్ కూడా ఇచ్చింది. కారణం ఉంది, నష్టపోయినవాళ్లకు దారి ఉంది. మార్చాల్సిన తీరు అది.

తాళం బొమ్మ సంగతి ఇంత తేలిక కాదు. అడ్రస్ బార్ పక్కన తాళం ఉంటేనే పాస్‌వర్డు రాయమని బ్యాంకులు చెప్పాయి, పత్రికలు చెప్పాయి, కొంచెం తెలిసినవాళ్లం పెద్దలకూ పిల్లలకూ చెప్పాం. 2023 సెప్టెంబరులో క్రోమ్ ఆ తాళాన్ని తీసేసి, సెట్టింగులను సూచించే వేరే గుర్తు పెట్టింది. వాళ్లు చెప్పిన కారణం సరైనదే. మోసపు సైట్లకు కూడా తాళం వస్తుంది. తాళానికి అర్థం మధ్య దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే, అవతల ఉన్నది మంచివాడని కాదు. 2021లో వాళ్లు చేసిన అధ్యయనంలో పాల్గొన్నవాళ్లలో 11 శాతం మంది మాత్రమే ఆ అర్థాన్ని సరిగ్గా చెప్పగలిగారు. మరి మిగిలిన 89 శాతం మందికి ఏం చెప్పారు? పూర్వం చెప్పినది తప్పని చెప్పాలి కదా, ఇక దేన్ని చూసి నమ్మాలో చెప్పాలి కదా. గుర్తు మాయమైన రోజు వాళ్లలో చాలామందికి కలిగేది ఒకటే అనుమానం, ఈ సైటు చెడిపోయిందేమోనని. భద్రత కోసం చేసిన మార్పు కూడా, మనిషికి చెప్పకుండా చేస్తే, భయాన్నే మిగులుస్తుంది.

చెప్తే వింటారా అంటే, వింటారనడానికి దాఖలా ఉంది. 2021 జూన్‌లో ఆపిల్ తన ఐఫోన్ బ్రౌజర్ సఫారీలో అడ్రస్ బార్‌ను కిందికి దించి చూపించింది. పరీక్షా దశలో వాడినవాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. సెప్టెంబరులో అసలు విడుదల వచ్చేసరికి పైన కావాలంటే పైన, కింద కావాలంటే కింద అని ఎంపిక ఇచ్చారు. వెబ్ చిరునామాలో సైటు పేరు తప్ప మిగతాదంతా దాచే ప్రయోగాన్ని క్రోమ్ కూడా అదే ఏడాది మానుకుంది. దానివల్ల భద్రత మెరుగు పడలేదని వాళ్ల కొలతలే చెప్పాయి. కొలిచి చూసి వెనక్కి తగ్గడం చిన్నతనం కాదు. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది.

"రెండు వారాల్లో అలవాటైపోతుంది, మొదట అందరూ ఇలాగే అంటారు." ప్రతిసారీ వినిపించే సమాధానం ఇది. నిజమే, అలవాటవుతుంది. చెప్పులో రాయి పడ్డవాడికి కూడా నడక అలవాటవుతుంది. అలవాటు పడడం ఒప్పుకోవడం ఎలా అవుతుంది? ఆ రెండు వారాలు ఎవరివి? రూపకల్పన చేసినవాళ్లు కొత్త రూపాన్ని నెలల తరబడి చూసి, తమ చేతులకు అలవాటు చేసుకుని, ఆ తరువాతే మనకు పంపుతారు. విడుదల రోజున దానికి కొత్తవాళ్లు మనమే. గడువు దగ్గర పడిన పనిలో ఉన్నామా, ఆస్పత్రి కాగితాల కోసం వెతుకుతున్నామా, పరీక్ష దరఖాస్తు నింపుతున్నామా అన్నది ఆ అప్‌డేట్‌కు తెలియదు. కోట్లమంది జీవితాల్లోంచి తలా కొంత సమయం తీసుకునేవాళ్లు, అందుకు బదులు ఏమిస్తున్నారో చెప్పవలసిన బాధ్యత ఉన్నవాళ్లు. చక్కగా, ఆధునికంగా, తాజాగా ఉంది అన్న మాటలు ఆ బాకీని తీర్చలేవు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని మన పెద్దలు అన్నది మనిషి చాపల్యాన్ని ఎత్తిచూపడానికి. దాన్ని విడుదలల పట్టికగా వేసుకోమని కాదు.

బ్రౌజర్ కోడు రాసేవాళ్ల వైపు నుంచి కూడా ఆలోచించాను. ఒక ఎంపికను ఉంచడమంటే ఆ కోడును ఎప్పటికీ పోషించడం. రెండు రూపాలుంటే ప్రతి మార్పునూ రెండుచోట్లా పరీక్షించాలి. నాలుగు ఎంపికలు కలిస్తే కలయికలు పదహారవుతాయి. ఉన్నది కొద్దిమంది, చేయాల్సింది కొండంత. అందుకే, 2006 నాటి రూపాన్ని శాశ్వతంగా నిలబెట్టమని నేను అడగను. ఉన్న రూపం జోలికి పోకపోవడానికి మాత్రం ఏ పోషణా అక్కర్లేదు. ట్యాబు ఎత్తు పెంచకపోతే పరీక్షించాల్సింది ఏమీ లేదు. కాపీ చేసే అక్షరాన్ని మార్చకపోతే నా మంగళవారం మామూలుగా గడిచిపోయేది. మంచి చేర్పులకు నేను ఎప్పుడూ అడ్డు కాను. 2025 మార్చిలో ఫైర్‌ఫాక్స్ నిలువు ట్యాబులను తెచ్చింది. కావాలన్నవాళ్లు పెట్టుకుంటారు, వద్దన్నవాళ్ల ట్యాబులు పైనే ఉంటాయి. ఎవరి చెయ్యీ తడబడలేదు.

భద్రతనూ రూపాన్నీ విడదీయడం సాధ్యం కాదని ఎవరైనా అంటే నమ్మవద్దు. 2012 నుంచి ఫైర్‌ఫాక్స్‌కు దీర్ఘకాల మద్దతు విడుదల ఒకటి ఉంది. సుమారు ఏడాది పాటు రూపం కదలదు, భద్రతా సవరణలు మాత్రం వస్తూనే ఉంటాయి. అది ప్రధానంగా సంస్థల కోసం పెట్టింది. వేలమంది ఉద్యోగులకు నెలనెలా మళ్లీ నేర్పడం కుదరదని సంస్థలు చెప్పాయి, ఆ మాట విన్నారు. క్రోమ్‌లోనూ సంస్థల కోసం ఎనిమిది వారాల విడుదల వరుస ఉంది. అంటే, స్థిమితంగా పని చేసుకోవాలన్న కోరిక న్యాయమైనదేనని వాళ్లకు తెలుసు. ఒంటరిగా తన బల్ల ముందు కూర్చుని పని చేసుకునే మనిషికి ఆ కోరిక ఉండదా? ఫైర్‌ఫాక్స్ దీర్ఘకాల విడుదలను ఎవరైనా దించుకోవచ్చు. కానీ మామూలుగా బ్రౌజర్ దించుకోవడానికి వెళ్లినవాళ్ల కళ్ల ముందు మొదట కనిపించేది అది కాదు. కనిపించాలి. "రూపం ఏడాదికొకసారే మారుతుంది, భద్రత ఎప్పటికప్పుడు అందుతుంది" అని రెండో బటనుగా పక్కనే ఉండాలి. నేను కోరేది ఇదే, ఇంతకంటే ఎక్కువేమీ కాదు.

నా పనికి ఆ విడుదలే పెట్టుకున్నాను. నాన్నగారి కంప్యూటర్‌లో కూడా అదే పెట్టాను. ఆయనకు డెబ్బై దాటాయి. ఎడమ కంటికి చూపు తక్కువ. పాత బ్రౌజర్ రూపం మారిన వారంలో ఆయన పత్రికలు చదవడం మానేశారని ఆలస్యంగా తెలిసింది. ఎందుకని అడిగితే, "బుక్‌మార్కులు ఎక్కడికో పోయాయమ్మా. నేనే ఏదో నొక్కి పాడుచేశాననుకున్నాను. పనిలో ఉన్న నిన్ను విసిగించడమెందుకని ఊరుకున్నాను" అన్నారు. ఆయన ఏమీ పాడుచేయలేదు. ఆ మాట రెండుసార్లు చెప్పాను. రెండోసారికి కూడా పూర్తిగా నమ్మినట్టు లేదు.

బుక్‌మార్కుల వరుసను పాత చోటే పెట్టి, అక్షరాలు పెద్దవి చేసి, ఆయన పత్రికలను ఆయన చదివే క్రమంలోనే పేర్చాను. "ఇప్పుడు ఇది కదలదు కదా?" అని అడిగారు. ఏడాది దాకా కదలదు నాన్నా అన్నాను. గడువు తీరాక, పేరుకుపోయిన మార్పులన్నీ ఒక్కసారిగా వస్తాయి. ఆ తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నాను. దానికి ముందు వారం వెళ్లి, ఆయన పక్కన కూర్చుని, కొత్త రూపాన్ని ముందుగా నా కంప్యూటర్‌లో చూపిస్తాను.